ఎమ్మెల్యేలు, జడ్జీలు, అధికారుల జీతాలు ఎవరు నిర్ణయిస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెల్యే జీతం ఎంత అని నలుగురిని అడిగితే నాలుగు అంకెలు వస్తాయి. విచిత్రం ఏంటంటే, ఆ నాలుగూ ఎంతో కొంత నిజమే. ఒకరు జీతం మాత్రమే చెబుతారు, ఒకరు అలవెన్సులు కలిపి చెబుతారు, ఇంకొకరు పక్క రాష్ట్రం లెక్క చెబుతారు. నన్నడిగితే అంకె కన్నా ముందు రెండు విషయాలు తెలుసుకోవాలి: ఆ జీతం మీద సంతకం పెట్టేది ఎవరు, దాన్ని తగ్గించే అధికారం ఎవరికైనా ఉందా. కింద ఉన్న ప్రశ్నలన్నీ చివరికి ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

వీళ్లందరికీ కలిపి ఒకే చట్టం ఉందా?

లేదు. ఎమ్మెల్యేల జీతం రాష్ట్ర శాసనసభ చట్టంతో తేలుతుంది (రాజ్యాంగం 195వ అధికరణ), మంత్రులదీ అంతే (164). ఎంపీలది పార్లమెంటు చూసుకుంటుంది (106). సుప్రీంకోర్టు, హైకోర్టు జడ్జీలది కూడా పార్లమెంటే (125, 221). కలెక్టరు, ఎస్పీ లాంటి అఖిల భారత సర్వీసుల వాళ్లది కేంద్రం రాసిన రూల్స్ ప్రకారం. తహసీల్దారు, టీచరు, కానిస్టేబుల్ లాంటి రాష్ట్ర ఉద్యోగులది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే జీవోల ప్రకారం, ఆ జీవోకి ముందు పీఆర్సీ (వేతన సవరణ సంఘం) అనే పెద్ద తతంగం నడుస్తుంది. ఇక కింది కోర్టుల జడ్జీల సంగతి పూర్తిగా వేరు, దాన్ని సుప్రీంకోర్టే పట్టుబట్టి నడిపించింది.

ఎమ్మెల్యేల జీతం ఎమ్మెల్యేలే పెంచుకుంటారంటారు, నిజమేనా?

నిజమే. ఖర్చుతో కూడిన బిల్లు కాబట్టి గవర్నర్ సిఫార్సుతో సభలో పెడతారు, సభ ఆమోదిస్తుంది, గవర్నర్ సంతకంతో చట్టమవుతుంది. ఓటు వేసేవాళ్లూ వాళ్లే, లాభం పొందేవాళ్లూ వాళ్లే. పద్దుల మీద గంటల తరబడి కొట్టుకునే పార్టీలు ఈ ఒక్క బిల్లు దగ్గరికి వచ్చేసరికి ఎంత సఖ్యంగా ఉంటాయో చూడాలి.

2016 మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఒకే నెలలో ఈ పని చేశాయి. అప్పటిదాకా రెండు చోట్లా ఎమ్మెల్యేకి జీతం, నియోజకవర్గ అలవెన్సు కలిపి నెలకు 95 వేలు వచ్చేది. తెలంగాణ దాన్ని 2.5 లక్షలు చేసింది, ఆంధ్రప్రదేశ్ 1.25 లక్షలు చేసింది. ఇంటి అద్దె వగైరాలు దీనికి అదనం.

ఏపీ ఎమ్మెల్యే అసలు జీతం 12 వేలేనని చదివాను. నమ్మాలా?

నమ్మండి, కాకపోతే అక్కడే ఆగిపోకండి. ఆ 1.25 లక్షల్లో జీతం అని రాసి ఉన్నది 12 వేలే, మిగతా 1.13 లక్షలు నియోజకవర్గ అలవెన్సు. తెలంగాణలో జీతం 20 వేలు, అలవెన్సు 2.3 లక్షలు.

ఇలా ఎందుకు విడగొట్టారు అంటే సమాధానంలో కొంత భాగం ఆదాయపు పన్ను చట్టంలో దొరుకుతుంది. 1961 నాటి చట్టంలో 10(17) సెక్షన్ కింద శాసనసభ్యులకు వచ్చే నియోజకవర్గ అలవెన్సుకు పన్ను మినహాయింపు ఉంది. పన్ను పడేది జీతం మీదే, అదీ ఉద్యోగి జీతంగా కాకుండా ఇతర ఆదాయం కింద, ఎందుకంటే ఎమ్మెల్యేకి యజమాని అంటూ ఎవరూ లేరు. ఇప్పుడు లెక్క చూడండి. నెలకు 1.25 లక్షల చొప్పున ఏడాదికి 15 లక్షలు తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి 2025-26 కొత్త పన్ను విధానంలో, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక కూడా, సెస్సుతో కలిపి 97,500 రూపాయలు కట్టాలి. అదే మొత్తం జీతం, నియోజకవర్గ అలవెన్సుగా అందుకునే ఎమ్మెల్యే పాత పన్ను విధానం ఎంచుకుంటే (కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు) పన్ను లెక్కలోకి వచ్చేది ఏడాదికి 1.44 లక్షలే, వేరే ఆదాయం లేకపోతే పన్ను సున్నా.

నియోజకవర్గంలో ఆఫీసు, మనుషులు, రోజూ వచ్చేపోయేవాళ్లకి టీలు, పెళ్లిళ్లకీ చావులకీ తిరగడం, ఇవన్నీ నిజమైన ఖర్చులే. కాదనను. కానీ నిజంగా ఖర్చుల కోసమే అయితే బిల్లులు చూపించమనాలి కదా, ఇక్కడ బిల్లులు అడిగేవాళ్లు లేరు, నెల తిరిగేసరికి గుండుగుత్తగా ఖాతాలో పడుతుంది.

ఎమ్మెల్యేల జీతాల చట్టం పేరులో "అనర్హతల తొలగింపు" అని ఉంటుంది, అదేంటి?

మంచి ప్రశ్న. చట్టం పూర్తి పేరు ఆంధ్రప్రదేశ్ జీతాలు, పింఛను చెల్లింపు మరియు అనర్హతల తొలగింపు చట్టం, 1953. ఆంధ్ర రాష్ట్రం పుట్టిన ఏడాది చట్టమే సవరణల మీద సవరణలతో ఇప్పటికీ నడుస్తోంది, తెలంగాణ కూడా విడిపోయాక దాన్నే తనకు అన్వయించుకుంది.

ఇక అనర్హత సంగతి. 191వ అధికరణ ప్రకారం ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవాళ్లు శాసనసభ్యులుగా ఉండకూడదు. ప్రభుత్వం చేతిలో డబ్బు తీసుకునేవాడు ప్రభుత్వాన్ని ఏం నిలదీస్తాడు అనేది దాని వెనక ఉన్న ఆలోచన. అయితే ఏయే పదవుల్లో ఉన్నా పర్వాలేదో సభ చట్టం చేసి చెప్పొచ్చని అదే అధికరణ వెసులుబాటు ఇచ్చింది. అందుకే జీతమూ, ఆ వెసులుబాటూ ఒకే చట్టంలో పక్కపక్కన కూర్చున్నాయి. ఫలానా కార్పొరేషన్ చైర్మన్ పదవి ఎమ్మెల్యేకి ఇవ్వాలనుకున్నప్పుడల్లా ఈ చట్టాన్ని ఎందుకు ముట్టుకుంటారో ఇప్పుడు అర్థమైందా?

ఒక పక్క 1.25 లక్షలు, ఇంకో పక్క 2.5 లక్షలు. ఇంత తేడా ఎందుకు?

ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిది, అంతే. దేశమంతటికీ కలిపి ఇంత ఉండాలనే కొలత ఎక్కడా లేదు. కొత్త రాష్ట్రం, హైదరాబాద్ ఆదాయం ఉన్న తెలంగాణ ధైర్యంగా పెంచింది, లోటు బడ్జెట్ అని రోజూ చెప్పుకుంటున్న ఏపీ కాస్త తక్కువే పెంచింది. కర్ణాటక 2025 మార్చిలో ఎమ్మెల్యే జీతాన్ని 40 వేల నుంచి 80 వేలకు, ముఖ్యమంత్రి జీతాన్ని 75 వేల నుంచి 1.5 లక్షలకు పెంచింది, అలవెన్సులు వేరే. రాష్ట్రాలను పోల్చేటప్పుడు జీతం ఒక్కటే చూస్తే కర్ణాటక ఎమ్మెల్యేకి తెలంగాణ ఎమ్మెల్యే కన్నా నాలుగింతలు వస్తున్నట్టు కనిపిస్తుంది, అది తప్పు లెక్క.

ఎంపీలూ అలాగే పెంచుకుంటారా?

2018 దాకా అలాగే. 1954 చట్టంలో ఎంపీ జీతం నెలకు 400, సభ జరిగే రోజుకు 21 రూపాయలు. 2010లో జీతం 16 వేల నుంచి ఒకేసారి 50 వేలకు వెళ్లింది. ఆ సమయంలో పార్లమెంటు కమిటీ అడిగింది ఎంతో తెలుసా, 80,001. కేంద్ర కార్యదర్శి జీతం 80 వేలు కాబట్టి ఎంపీకి ఒక్క రూపాయైనా ఎక్కువ ఉండాలట! అది మాత్రం దొరకలేదు.

ప్రతిసారీ ఈ అల్లరి ఎందుకని 2018 ఫైనాన్స్ చట్టంలో పద్ధతి మార్చారు. జీతాన్ని లక్ష చేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి ఐదేళ్లకోసారి ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం దానంతట అదే పెరిగేలా రాశారు. ఆ సూచీ మనకు కొత్తదేం కాదు, పొలమో ప్లాటో అమ్మినప్పుడు మూలధన లాభం లెక్కకు ఆడిటర్లు వాడేదే. 2018-19లో అది 280, 2023-24లో 348. లక్షను 348తో గుణించి 280తో భాగిస్తే 1,24,286 వస్తుంది. 2025 మార్చిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఎంపీ జీతం 1,24,000, అదీ 2023 ఏప్రిల్ నుంచి బకాయిలతో సహా. రోజువారీ భత్యం 2,000 నుంచి 2,500కి, మాజీ ఎంపీ పింఛను 25 వేల నుంచి 31 వేలకు చేరాయి, ఇవన్నీ ఆ సూత్రంలోంచి వచ్చినవే.

నా మటుకు నాకు ఇది ఎమ్మెల్యేల పద్ధతి కన్నా చాలా నయం. ఎవరైనా కాలిక్యులేటర్ పెట్టుకుని సరిచూసుకోవచ్చు. అయితే నియోజకవర్గ అలవెన్సు, ఆఫీసు ఖర్చుల రూల్స్ మాత్రం ఉభయసభల సంయుక్త కమిటీ చేతిలోనే ఉన్నాయి. పది మంది లోక్‌సభ నుంచి, ఐదుగురు రాజ్యసభ నుంచి, అందరూ ఎంపీలే.

అసెంబ్లీకి రాకపోయినా జీతం ఇస్తారా?

ఇస్తారు. ఈ మధ్య రెండు రాష్ట్రాల్లోనూ ప్రతిపక్ష నేతలు సభకు రావడం లేదని పెద్ద గొడవే నడిచింది, అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఎదుటివాళ్లను ఈ మాటే అంటుంది. పని చేయకపోతే జీతం లేదనే రూలు ఉద్యోగులకు ఉంది కానీ, సభ్యులకు నెల జీతం విషయంలో లేదు. రోజువారీ భత్యం మాత్రం వేరు, ఎంపీల విషయంలో రిజిస్టర్‌లో సంతకం పెడితేనే అది వస్తుంది.

190(4) అధికరణ ఒకటి ఉంది: అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే ఆ సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. చదవడానికి భయంగానే ఉంటుంది. కానీ సభను ప్రొరోగ్ చేసిన (సమావేశాలను ముగించిన) కాలం, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడ్డ కాలం ఆ 60లో లెక్కలోకి రావు. మన అసెంబ్లీలు ఏడాదికి ఎన్ని రోజులు కూర్చుంటాయో తెలిసినవాళ్లకి, 60 నిండాలంటే ఎంత కాలం పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇదే కోవలో ఇంకోటి. ప్రతిపక్ష నేత హోదా కోసం ఎందుకంత కొట్లాట అనుకుంటారు, అది కుర్చీ ఎక్కడ వేస్తారన్న గొడవ మాత్రమే కాదు. స్పీకర్ గుర్తించిన ప్రతిపక్ష నేతకు జీతం, సౌకర్యాలు కేబినెట్ మంత్రితో సమానం, అది కూడా ఈ 1953 చట్టంలోనే ఉంది.

ముఖ్యమంత్రి ఒక్క రూపాయే తీసుకుంటారని విన్నాం. అలా కుదురుతుందా?

తీసుకోకుండా ఉండటం వాళ్ల ఇష్టం, చట్టంలో అంకె మాత్రం మారదు. ఎన్టీఆర్ నుంచి జగన్ దాకా ఒక్క రూపాయి మాట విన్నాం, 2024లో ఉప ముఖ్యమంత్రి అయ్యాక పవన్ కల్యాణ్ జీతం వద్దన్నారు. ఇల్లు, కార్లు, భద్రత, ప్రయాణాలు, ఫోన్లు అన్నీ వేరే పద్దుల్లో ఉంటాయి కాబట్టి జీతం వదులుకుంటే ఖజానాకు మిగిలేది చాలా కొద్ది. గౌరవించాల్సిన విషయమే, అయితే దాన్ని పొదుపు కింద జమ కట్టకండి.

మన అనంతపురం జిల్లా నుంచి వెళ్లిన నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ఉండగా 1977లో తన జీతంలో 70 శాతం కోత వేసుకుంటానని ప్రకటించారు. అప్పటి రాష్ట్రపతి జీతం 10 వేలు. ఇంకాస్త వెనక్కి వెళితే, 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం స్వతంత్ర భారతంలో ప్రభుత్వోద్యోగి ఎవరికీ మామూలుగా నెలకు 500 దాటకూడదంది. పందొమ్మిదేళ్లకు రాజ్యాంగం వచ్చేసరికి ప్రధాన న్యాయమూర్తికి 5,000 అయింది.

సలహాదారులు, కార్పొరేషన్ చైర్మన్ల జీతం?

జీవోతో. చట్టసభ దాకా వెళ్లే పనే లేదు.

2003లో వచ్చిన 91వ సవరణ మంత్రుల సంఖ్యను సభ బలంలో 15 శాతానికి కట్టేసింది. ఏపీలో ముఖ్యమంత్రితో కలిపి 26 మంది, తెలంగాణలో 18 మంది. సర్దాల్సినవాళ్లు అంతకన్నా ఎప్పుడూ ఎక్కువే ఉంటారు కాబట్టి "కేబినెట్ హోదా" అనే మాట పుట్టుకొచ్చింది. మంత్రి కాదు, సభకు జవాబు చెప్పక్కర్లేదు, కానీ జీతం, కారు, పేషీ ఉంటాయి. ఎమ్మెల్యేల జీతం మీద అరిచే మనం ఈ జీవోలను కనీసం తెరిచి కూడా చూడం.

హైకోర్టు జడ్జికి జీతం ఇచ్చేది రాష్ట్రమే కదా, నిర్ణయించేది పార్లమెంటు ఎందుకు?

ఎందుకంటే జడ్జి ఒక రాష్ట్రం మనిషి కాదు. ఈ ఏడాది అమరావతిలో, వచ్చే ఏడాది గువాహటిలో ఉండొచ్చు. పైగా హైకోర్టులో చాలా కేసులు రాష్ట్ర ప్రభుత్వం మీదే, ఆ ప్రభుత్వమే జీతం నిర్ణయిస్తానంటే బాగోదు. అందుకని అంకె పార్లమెంటుది, చెల్లింపు రాష్ట్ర సంచిత నిధి (ప్రభుత్వ ఆదాయం జమయ్యే ప్రధాన ఖాతా) నుంచి, రిటైరయ్యాక పింఛను మాత్రం కేంద్ర సంచిత నిధి నుంచి.

2018లో చేసిన సవరణతో 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినవి ఇవి: భారత ప్రధాన న్యాయమూర్తికి 2.8 లక్షలు, సుప్రీంకోర్టు జడ్జీలకూ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తులకూ 2.5 లక్షలు, హైకోర్టు జడ్జీలకు 2.25 లక్షలు. దీని మీద డీఏ (కరువు భత్యం), ఇల్లు, ఇతర భత్యాలు. అంతకుముందు వరసగా లక్ష, 90 వేలు, 80 వేలు. నిజానికి 1950 నుంచి 1986లో 54వ సవరణ వచ్చేదాకా హైకోర్టు జడ్జి జీతం 3,500 దగ్గరే ఆగిపోయింది. అప్పట్లో ఆ అంకె రాజ్యాంగం రెండో షెడ్యూలులోనే రాసి ఉండేది కాబట్టి పైసా పెంచాలన్నా రాజ్యాంగాన్నే సవరించాలి. ఆ సవరణతోనే ఇకపై మామూలు చట్టంతో పెంచుకునే వీలు కల్పించారు.

కోపం వస్తే ప్రభుత్వం జడ్జి జీతం కోసేయొచ్చా?

కుదరదు, ఈ మొత్తం వ్యవస్థలో బాగా ఆలోచించి కట్టిన చోటు ఇదే. మొదటిది, వాళ్ల జీతాలు సంచిత నిధి మీద నేరుగా పడే ఖర్చు, సభలో చర్చించొచ్చు కానీ ఓటింగుకు పెట్టరు. మిగతా ఏ శాఖ పద్దునైనా సభ ఓటుతో కోయొచ్చు, దీన్ని కాదు. రెండోది, నియమించాక ఆ జడ్జి భత్యాలు, సెలవు, పింఛను హక్కులను నష్టం కలిగేలా మార్చకూడదని రాజ్యాంగం స్పష్టంగా రాసింది. జడ్జీల జీతాల్లో కోత వేయొచ్చని రాజ్యాంగం పేరు పెట్టి చెప్పిన చోటు ఒక్కటే, 360వ అధికరణ కింద ఆర్థిక అత్యవసర పరిస్థితి. అది ఇప్పటిదాకా ఒక్కసారి కూడా విధించలేదు.

ఇలాంటి రక్షణే రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌కూ ఉంది. 2020 ఏప్రిల్‌లో ఏపీ ప్రభుత్వం ఆర్డినెన్సుతో కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించినప్పుడు మే నెలాఖరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అది జీతం గొడవ కాదు, పదవీకాలం గొడవ, కానీ సర్వీసు షరతులను మధ్యలో మార్చడం ఎందుకంత సున్నితమైన విషయమో దాంతో తెలుస్తుంది.

మా ఊరి మున్సిఫ్ కోర్టు జడ్జి సంగతేంటి?

కింది కోర్టు జడ్జీలు రాష్ట్ర ఉద్యోగుల్లో కలిసిపోయి పీఆర్సీల వెనక నిలబడే రోజులు ఉండేవి. జడ్జీల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది, కోర్టు వీళ్లకు వేరే కమిషన్ కావాలంది. మొదట జస్టిస్ జగన్నాథ శెట్టి కమిషన్, తర్వాత 2017లో వేసిన రెండో కమిషన్. దీనికి అధ్యక్షుడు మన తెలుగువాడైన జస్టిస్ పి. వెంకటరామిరెడ్డి. పాత మూలవేతనాన్ని 2.81తో గుణించాలని ఆయన కమిషన్ చెప్పింది, దాంతో కొత్తగా చేరే జూనియర్ సివిల్ జడ్జికి 27,700 కాస్తా 77,840 అయింది. రాష్ట్రాలు డబ్బుల్లేవని బేరాలాడాయి, సుప్రీంకోర్టు వినలేదు. 2022 జులైలో 2016 నుంచి లెక్కగట్టి ఇవ్వమంది.

జడ్జీల జీతం కేసును జడ్జీలే తేల్చడం ఏంటి అని మీకు అనిపిస్తే, ఆ అనుమానం న్యాయమైనదే. కోర్టు దగ్గర దానికి జవాబు ఉంది: జిల్లా జడ్జి ఆర్థికంగా ప్రభుత్వం దయ మీద ఆధారపడితే స్వతంత్రంగా తీర్పు చెప్పలేడు. ఒప్పుకుంటాను. అయినా ఆ ఇబ్బంది పూర్తిగా పోదు.

కలెక్టరూ, తహసీల్దారూ ఒకే ఆఫీసు ఆవరణలో పనిచేస్తారు. వాళ్ల జీతాలకు దారులు వేరా?

పూర్తిగా వేరు. కలెక్టరుది కేంద్ర వేతన సంఘం దారి. ఏడో సంఘం ప్రకారం ఐఏఎస్‌కు మొదటి మూలవేతనం 56,100, రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి 2.25 లక్షలు. నిర్ణయం ఢిల్లీలో, చెల్లింపు రాష్ట్రంలో. ఎనిమిదో సంఘం జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షతన 2025లో ఏర్పాటైంది.

తహసీల్దారుది పీఆర్సీ దారి. డీఏలో కూడా తేడానే: 2018 పీఆర్సీ స్కేళ్ల మీద, కేంద్రం ఒక శాతం డీఏ పెంచితే మన రాష్ట్రాల ఉద్యోగికి వచ్చేది 0.91 శాతం. డీఏ జీవోల్లో 3.64 అనే వింత అంకె ఎందుకు కనిపిస్తుందా అనుకున్నారా? నాలుగును 0.91తో గుణించండి.

ఫిట్‌మెంట్ అంటే ఏంటి? ఒక్కసారి అర్థమయ్యేలా చెప్పండి.

పాత మూలవేతనం తీసుకోండి, దానికి అప్పటిదాకా పేరుకున్న డీఏ కలపండి, ఆ పైన ప్రభుత్వం ఇచ్చే అసలు పెంపు ఎంత శాతమో అది కలపండి. ఆ చివరిదే ఫిట్‌మెంట్. డీఏ ఎలాగూ మీదే కాబట్టి కొత్తగా వచ్చేది ఫిట్‌మెంట్ ఒక్కటే.

ఏపీ 11వ పీఆర్సీ లెక్క చూద్దాం. పాత కనీస మూలవేతనం 13,000. 2018 జులై నాటి డీఏ 30.392 శాతం, అంటే 3,951. ఫిట్‌మెంట్ 23 శాతం, అంటే 2,990. కూడితే 19,941, దాన్ని స్కేలులో పై మెట్టుకు జరిపితే 20,000. కొత్త కనీస వేతనం సరిగ్గా అదే. మీ జీతం కూడా ఇలాగే వేసి చూసుకోండి, ట్రెజరీ వాళ్లు చేసేదీ ఇదే.

పీఆర్సీ కమిషన్ చెప్పింది ప్రభుత్వం ఒప్పుకోవాల్సిందేనా?

అస్సలు కాదు. కమిషన్‌ది సిఫార్సు మాత్రమే, ఈ పదేళ్లలో మన రెండు రాష్ట్రాలూ ఆ సంగతిని రెండు వైపులా నిరూపించాయి. ఉమ్మడి రాష్ట్రంలో వేసిన పీకే అగర్వాల్ కమిషన్ 29 శాతం అంది, 2015లో తెలంగాణ 43 ఇచ్చింది, ఏపీ కూడా తప్పక 43 ఇచ్చింది. తెలంగాణలో బిస్వాల్ కమిషన్ 7.5 శాతం చాలంటే ఉద్యోగులు ఆ ప్రతులు తగలబెట్టినంత పని చేశారు, 2021 మార్చిలో కేసీఆర్ అసెంబ్లీలో 30 శాతం ప్రకటించారు. అటు ఏపీలో అశుతోష్ మిశ్రా కమిషన్ 27 శాతం చెబితే ప్రభుత్వం 23 ఇచ్చింది.

ఏపీలో చిక్కు ఏంటంటే, అప్పటికే ఉద్యోగులు మధ్యంతర భృతి, అదే ఐఆర్, 27 శాతం తీసుకుంటున్నారు. ఐఆర్ కన్నా ఫిట్‌మెంట్ తక్కువ వచ్చింది, ఇంటి అద్దె భత్యం స్లాబులూ తగ్గాయి. "రివర్స్ పీఆర్సీ" అనే మాట అప్పుడే పుట్టింది. 2022 ఫిబ్రవరి 3న ఛలో విజయవాడ పేరుతో వేలమంది రోడ్డెక్కారు, పోలీసు ఆంక్షలన్నీ దాటుకుని. రెండు రోజుల్లో చర్చలు జరిగాయి, అద్దె భత్యంలో కొంత తిరిగొచ్చింది, ఎక్కువగా ఇచ్చిన ఐఆర్ వెనక్కి తీసుకోబోమని ప్రభుత్వం ఒప్పుకుంది. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఉండిపోయింది.

కాబట్టి కమిషన్ రాసే వందల పేజీల కన్నా సంఘాల బలం, ఎన్నికలు ఎంత దూరంలో ఉన్నాయి, పక్క రాష్ట్రం ఎంత ఇచ్చింది అనేవే ఎక్కువ పనిచేస్తాయి. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకి ఈ బలం లేదు. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు కనీస స్కేలైనా ఇవ్వాలని 2016 అక్టోబరులో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా ఇప్పటికీ ఒక్కో శాఖలో ఒక్కో కథ.

డబ్బుల్లేవని ప్రభుత్వం జీతం ఆపొచ్చా?

కరోనా లాక్‌డౌన్ మొదలైన వారంలోనే రెండు రాష్ట్రాలూ ఆపాయి. తెలంగాణ ముఖ్యమంత్రి నుంచి ఎమ్మెల్యేల దాకా 75 శాతం, ఐఏఎస్‌లకు 60, మిగతా ఉద్యోగులకు 50, నాలుగో తరగతి వాళ్లకి 10 శాతం. ఏపీలో ముఖ్యమంత్రి, మంత్రులకు మొత్తం 100 శాతం, కింద దాదాపు ఇదే వరస. పింఛన్లలో కూడా సగం ఆపారు.

ఏపీలో ఒక విశ్రాంత జిల్లా జడ్జి కోర్టుకు వెళ్లారు. జీవోతో జీతం ఆపే అధికారం ఏ చట్టం ఇచ్చింది అన్నది ప్రశ్న. హైకోర్టు 12 శాతం వడ్డీతో కట్టమంది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది కానీ, చేసిన పనికి జీతం ఉద్యోగి హక్కు అనే మాట నిలబెట్టింది. తెలంగాణ ముందుచూపుతో 2020 జూన్‌లోనే, విపత్తు వేళ చెల్లింపులు వాయిదా వేయొచ్చంటూ ఆర్డినెన్సు తెచ్చేసుకుంది. ఎంపీలకైతే పార్లమెంటు చట్టమే చేసి ఏడాదిపాటు 30 శాతం కోసింది. అది వాయిదా కాదు, నిజంగా కోతే.

సర్పంచ్‌కి జీతం ఉందా?

గౌరవ వేతనం అంటారు. తెలంగాణలో 2015లో 5,000 చేశారు, 2021లో 30 శాతం పెంచి 6,500. అదే 2015లో జడ్పీ చైర్మన్‌కి 7,500 నుంచి ఏకంగా లక్షకు పెరిగింది. ఊళ్లో వీధి దీపం దగ్గర్నుంచి మాట పడేది సర్పంచే, ఈ లెక్క నాకైతే ఎప్పటికీ మింగుడుపడదు.

రాష్ట్రపతి కన్నా ఎక్కువ జీతం తీసుకున్న అధికారి ఉన్నాడంటారు?

ఉన్నాడు. ఏడో వేతన సంఘంతో 2016 నుంచి కేబినెట్ కార్యదర్శి జీతం 2.5 లక్షలైంది, రాష్ట్రపతిది మాత్రం 1.5 లక్షలే, ఎందుకంటే రాష్ట్రపతి జీతం వేతన సంఘంతో పెరగదు, పార్లమెంటు వేరే చట్టం చేయాలి. 2018 బడ్జెట్‌లో సరిచేశారు: రాష్ట్రపతికి 5 లక్షలు, ఉపరాష్ట్రపతికి 4 లక్షలు, గవర్నర్లకు 3.5 లక్షలు. ఉపరాష్ట్రపతికి ఆ హోదాలో జీతం లేదు, రాజ్యసభ చైర్మన్‌గానే తీసుకుంటారు.

సభ్యులు తమ జీతం తామే పెంచుకోకుండా ఎక్కడైనా కట్టడి ఉందా?

అమెరికాలో ఉన్నవాళ్లకి తెలిసే ఉంటుంది, అక్కడి 27వ సవరణ ప్రకారం కాంగ్రెస్ జీతం మార్చినా మధ్యలో ఒక ఎన్నిక అయ్యాకే అమల్లోకి వస్తుంది. 1789లో ప్రతిపాదిస్తే 1992లో ఆమోదం పూర్తయింది, రెండు వందల ఏళ్లు పట్టింది. బ్రిటన్‌లో ఖర్చుల కుంభకోణం బయటపడ్డాక 2009లో స్వతంత్ర సంస్థను పెట్టి, తర్వాత ఎంపీల జీతం కూడా దాని చేతిలో పెట్టారు. మన రాష్ట్రాల్లో వీటిలో దేన్నైనా తేవడానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు, ఆ 1953 చట్టంలో ఒక సెక్షన్ మారిస్తే చాలు. మార్చాల్సింది వాళ్లే, అదే చిక్కు.

మా మండలంలో ఫలానా అధికారి జీతం ఎంతో నాకు తెలిసే దారుందా?

ఉంది. సమాచార హక్కు చట్టం 4(1)(బి) కింద ప్రతి కార్యాలయం తన అధికారులు, ఉద్యోగుల నెల జీతాలను ఎవరూ అడగకముందే ప్రచురించాలి. ఆఫీసుకు వెళ్లి ఆ వివరాల పుస్తకం చూపించమనండి, లేదంటే తెల్ల కాగితం మీద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు. దరఖాస్తులో "జీతం" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. మూలవేతనం, డీఏ, ఇంటి అద్దె, ఇతర అలవెన్సులు విడివిడిగా కావాలని రాయండి. ఎమ్మెల్యేల గురించి అసెంబ్లీ సచివాలయాన్ని అడిగేటప్పుడైతే నియోజకవర్గ అలవెన్సు, వాహన రుణం, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్ కూడా పేరుపేరునా అడగాలి, అడగని దాన్ని వాళ్లంతట వాళ్లు చెప్పరు.